అమ్మ మాట: శబ్దం పసిబిడ్డది, అర్థం భాషది

బెంగళూరులో ఒకే అపార్ట్‌మెంటులో కాపురముండే కుటుంబాలు తల్లిని ఏయే పేర్లతో పిలుస్తాయో పోగుచేస్తే చిన్న నిఘంటువే తయారవుతుంది. తెలుగు, తమిళ, మలయాళ ఇళ్లలోనూ మైసూరు వైపు కన్నడ ఇళ్లలోనూ ఆమె అమ్మ. ధారవాడ, హుబ్బళ్ళి ప్రాంతాల నుంచి వచ్చిన అనేకమంది కన్నడిగులకూ, కొడగు ప్రాంతపు కొడవ భాష వారికీ ఆమె అవ్వ. మరాఠీ వారికి ఆయి, కొంకణి వారికి ఆవయ్, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారికి అమ్మీ, తుళు వారికి అప్పె. ఈ మాటలను పక్కపక్కనే వింటూ బతికే తెలుగువారిలో రెండు నమ్మకాలు బలంగా కనిపిస్తాయి. ఈ పిలుపులన్నీ ఏదో ఒక మూలభాష నుంచి, వీలైతే మన భాష నుంచే, పుట్టుకొచ్చాయన్నది మొదటిది. 'మ' అనే ధ్వనిలోనే తల్లిప్రేమ ఇమిడి ఉందన్నది రెండోది. రెండూ మనసుకు నచ్చే నమ్మకాలే గానీ, భాషాశాస్త్రం ఎదుట రెండూ నిలవవు. అవి ఎందుకు నిలవవో తెలిస్తే తల్లి పట్ల ప్రేమను మన భాష ఎక్కడ దాచుకుందో చూడడానికి దారి దొరుకుతుంది.

మొదటి నమ్మకం సాధారణంగా ఇలా మొదలవుతుంది: ఇంగ్లీషు 'మమ్మీ' మన 'అమ్మ' నుంచి వచ్చింది, లేదా మన 'అమ్మ' సంస్కృత 'అంబ' నుంచి వచ్చింది. అంబ చాలా పాత మాట. ఋగ్వేదం రెండో మండలంలో సరస్వతిని 'అంబితమే నదీతమే దేవితమే' అని, తల్లులలో శ్రేష్ఠురాలా అని సంబోధించారు. కానీ రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన బంధుత్వం రుజువు కాదు. భాషల చుట్టరికాన్ని పరిశోధించేవారు సాక్ష్యాధారాల జాబితాలో అమ్మ, మామా, పాపా వంటి మాటలను చేర్చరు. ఎందుకంటే ఏ సంబంధమూ లేని భాషల్లో కూడా అవి ఒకే రూపంలో ప్రత్యక్షమవుతాయి. దక్షిణ అమెరికా పర్వతాల్లోని కెచువాలో తల్లి మామ, తూర్పు ఆఫ్రికా స్వాహిలీలో మామ, చైనీస్‌లో మా, వేల్స్ వారి భాషలో మామ్, టిబెటన్‌లో ఆమ, స్పెయిన్ ఉత్తరాన బాస్క్ భాషలో కూడా ఆమ. బాస్క్‌కు ప్రపంచంలో మరే భాషతోనూ చుట్టరికం రుజువు కాలేదు. అంతటి ఒంటరి భాష తల్లిని ఆమ అంటోందంటే కారణాన్ని వలసల్లోనూ రాజ్యాల్లోనూ కాక మరోచోట వెతకాలి.

అలా వెతికినవారిలో ఇద్దరి పని ముఖ్యమైనది. అమెరికన్ మానవశాస్త్రవేత్త జార్జ్ పీటర్ మర్డాక్ ప్రపంచంలోని అనేక భాషల నుంచి తల్లిదండ్రులను సూచించే 1072 మాటలను పోగుచేశారు. వాటిలో తల్లికి సంబంధించినవి 531, తండ్రికి సంబంధించినవి 541. తల్లిని సూచించే మాటల్లో 55 శాతం మ, న, ఙ వంటి అనునాసికాలతో, అంటే ముక్కు గుండా పలికే ధ్వనులతో, ఉండగా, తండ్రిని సూచించేవాటిలో అవి 15 శాతమే. ఈ తేడా ఎందుకొచ్చిందో వివరిస్తూ 1960 ప్రాంతంలో భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ ఒక వ్యాసం రాశారు. శిశువు పెదవులు రొమ్మును పట్టుకుని, నోరు పాలతో నిండి ఉన్నప్పుడు బయటికి రాగల ధ్వని ఒక్కటే: నోటి దారి మూసుకుపోయి ముక్కు గుండా వచ్చే మూలుగు. పాలు తాగుతున్నప్పుడు తృప్తిగా వచ్చే ఆ మూలుగే తర్వాత పాల సీసా కనబడినా, తల్లి కనబడినా, ఆకలేసినా తిరిగి వస్తుంది. దానికి ఒక అచ్చు తోడై, నోరు తెరుచుకునేసరికి 'మ' అనే అక్షరం అవుతుంది. పసివాళ్లు ఒకే అక్షరాన్ని రెట్టించి పలుకుతారు గనుక అది 'మమ' అవుతుంది. ఎదురుగా కూర్చున్న తల్లి ఆ శబ్దాన్ని తన పేరుగా తీసుకుని, మురిసి, తిరిగి పలుకుతుంది. బిడ్డ మళ్ళీ అంటుంది. మాట స్థిరపడుతుంది.

ఈ వివరణ ప్రకారం ఆ మాటను ఏ పూర్వికుడూ తయారుచేసి మనకు అప్పగించలేదు. ప్రతి ఇంట్లోనూ అది కొత్తగా పుడుతోంది. ఋగ్వేదంలోని అంబ, తెలుగు అమ్మ రెండూ ఈ వర్గానికి చెందినవే కనుక ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్నది వాటి పోలిక ఒక్కదానితో తేలే విషయం కాదు.

బిడ్డ దృష్టిలో ఆ తొలి శబ్దం తల్లి పేరుగా కాక, కావాలన్న కోరికగానే మొదలవుతుందని యాకబ్సన్ వాదించారు. మన చుట్టూ ఉన్న భాషలు ఆయనకు సాక్ష్యం పలుకుతున్నాయి. బెంగళూరు కన్నడ తల్లులు, తమిళ తల్లులు చంటిపిల్లలకు అన్నాన్ని మమ్ము అనే చెబుతారు. మనం బువ్వ అంటాం, ముద్ద నోటి దగ్గర పెట్టి ఆమ్ అంటాం. లాటిన్‌లో మమ్మ అంటే పసిపిల్లల భాషలో అమ్మ, మామూలు భాషలో రొమ్ము. పాలిచ్చి పెంచే జంతువుల వర్గానికి 1758లో జీవశాస్త్రవేత్త లినేయస్ మమ్మాలియా అని పేరు పెట్టింది ఆ మాటతోనే. పాలు, తిండి, తల్లి అన్న మూడింటి మధ్యా ఒకే శబ్దం తిరుగుతోంది.

దీన్నిబట్టి, బిడ్డకు తల్లి కేవలం ఆకలి తీర్చే వనరు అనుకుంటే అది పొరపాటు. పుట్టిన కొద్ది రోజులకే శిశువులు మిగతా ఆడవారి గొంతు కంటే కన్నతల్లి గొంతునే వినడానికి ఇష్టపడతారని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపించారు. ఆరు నెలల బిడ్డలకు తల్లి, తండ్రి వీడియోలను పక్కపక్కన చూపిస్తూ అమ్మ అనే అర్థం గల మాట వినిపిస్తే తల్లి వైపు ఎక్కువసేపు చూస్తారనీ, అవే మాటలకు పరాయి స్త్రీపురుషుల వీడియోలు చూపిస్తే అలాంటి తేడా కనబడదనీ 1999లో టింకాఫ్, జుశ్చిక్ ప్రచురించారు. నిండుగా మాట్లాడడానికి ఇంకా ఎన్నో నెలలున్న బిడ్డ ఆ మాట ఒక మనిషిదని అప్పటికే గ్రహించింది. నాకు ఈ విషయమంతటిలోనూ అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే: శబ్దం పెదవుల అలవాటు వల్ల వచ్చి ఉండవచ్చు, కానీ మనిషిని గుర్తుపట్టడం మాటకంటే ముందే జరిగిపోయింది.

ఇక రెండో నమ్మకం, ప్రేమ 'మ'లోనే ఉందనేది. జార్జియన్ భాషలో మామ అంటే తండ్రి, దెద అంటే తల్లి. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతపు పిట్‌జంట్‌జట్‌జర భాషలోనూ మామ తండ్రే. అంత దూరం వెళ్ళనక్కరలేదు. తుళులో తల్లి అప్పె, తండ్రి అమ్మె. మనకు తారుమారుగా వినిపించే ఈ జంట మంగళూరులో తరతరాలుగా మామూలు మాట. మన తెలుగులోనే మేనమామ మామ అయ్యాడు, తండ్రి రెండు నకారాలతో నాన్న అయ్యాడు. మర్డాక్ లెక్కలో అనునాసికాలున్న ఆ 15 శాతం తండ్రుల జాతికి మన నాన్న కూడా చెందుతాడు. ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క; బెంగళూరు కన్నడ ఇంట్లో అప్ప అంటే తండ్రి.

జపనీయులది మరింత ఆసక్తికరమైన కథ. వారి భాషలో తల్లిని హహ అంటారు. పదహారో శతాబ్దపు జపనీయ పొడుపుకథ ఒకటి ఇలా అడుగుతుంది: తల్లికి రెండుసార్లు కలుస్తాయి, తండ్రికి ఒక్కసారీ కలవవు, ఏమిటవి? విప్పు: పెదవులు. ఇప్పుడు హహ అనేటప్పుడు పెదవులు కలవవు, మరి ఆ విప్పు ఎలా కుదిరింది? పూర్వం ఆ హకారాన్ని పెదవులను దగ్గరకు చేర్చి పలికేవారు. అంతకంటే ముందు అది పకారం. అంటే ఒకప్పుడు జపాన్‌లో తల్లిని పిలిచే మాట పప. పకారంతో పిలిపించుకున్న ఆ తల్లులు తక్కువ ప్రేమించారని ఎవరూ అనలేరు.

మరి ప్రేమ ఎక్కడుంది? ధ్వనిని వదిలి వాడుకలోకి వస్తే తప్ప దీనికి జవాబు దొరకదు. చాలా భాషల్లో తల్లికి కనీసం రెండు మాటలుంటాయి: పిల్లలు పిలిచేది ఒకటి, పెద్దలు పేర్కొనేది ఒకటి. అమ్మ, తల్లి అలాంటి జంట. సంస్కృతంలో జనయిత్రి, ప్రసువు, మాత, జనని అని అమరకోశం వరసగా చెబుతుంది. భాషల మధ్య నిజమైన చుట్టరికం బయటపడేది ఈ రెండో రకం మాటల్లో. సంస్కృతంలో మాతృ, పితృ, భ్రాతృ. లాటిన్‌లో మాతెర్, పతెర్, ఫ్రాతెర్. ఇంగ్లీషులో మదర్, ఫాదర్, బ్రదర్. ఒక్క మాట పోలిక యాదృచ్ఛికం కావచ్చు. మూడు మాటలూ ఒకే క్రమంలో, నియమబద్ధమైన ధ్వని మార్పులతో కలిసినప్పుడు అది వంశవృక్షం అవుతుంది.

మన ద్రావిడ భాషలు ఈ పెద్దల మాటలో మరో విశేషాన్ని దాచుకున్నాయి. ప్రాచీన తమిళంలో యాయ్ అంటే నా తల్లి, ఞాయ్ అంటే నీ తల్లి, తాయ్ అంటే అతని లేదా ఆమె తల్లి. ఎవరికీ చెందని ఒట్టి తల్లి ఆ వరసలో లేదు. తల్లి అనగానే ఎవరి తల్లో మాటలోనే తెలిసిపోవాలి. సంగం సాహిత్యంలోని కురుంతొగై 40వ పద్యంలో ప్రియుడు ప్రియురాలితో, నా తల్లీ నీ తల్లీ ఒకరికొకరు ఏమవుతారు అని అడుగుతూ యాయ్, ఞాయ్ అనే రెండు మాటలనూ పక్కపక్కన పెడతాడు. కాలక్రమంలో మొదటి రెండూ పోయి, 'వారి తల్లి' అనే అర్థం గల తాయ్ మాత్రమే తమిళ, కన్నడాల్లో అందరి తల్లికీ పేరైంది. మన తండ్రి, తమ్ముడు అనే మాటల్లో మొదట కనిపించే తకారం కూడా తన, తమ అనే సర్వనామాల జాడే.

ఆ పాత అలవాటు పూర్తిగా పోలేదు. ఒక్కగానొక్క కొడుకు కూడా తెలుగులో 'మా అమ్మ' అంటాడు; 'నా అమ్మ' అంటే ఏదో అనువాదంలా వినిపిస్తుంది. అన్నదమ్ములిద్దరూ తమలో తాము మాట్లాడుకునేటప్పుడు 'మన అమ్మ' అంటారు, అదే బయటివారితో 'మా అమ్మ' అంటారు. వినేవారిని కలుపుకునే మనకూ, కలుపుకోని మాకూ మధ్య ఉన్న ఈ గీత తమిళంలో నమ్మ, ఎంగ అనే మాటలతో నిలిచే ఉంది. కన్నడంలో అది చెరిగిపోయి, ఇంటివారికీ బయటివారికీ ఒకే నమ్మ మిగిలింది. బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు స్నేహితులతో 'మన అమ్మ పిలుస్తోంది' అనేస్తుంటే పెద్దలు దిద్దడం అందుకే. జపనీయులు సొంత తల్లిని బయటివారి ఎదుట హహ అనీ, ఎదుటివారి తల్లిని గౌరవంతో ఒకాసన్ అనీ అంటారు. తల్లి ఎవరి తల్లి అన్నది వ్యాకరణంలోకి ఎక్కేంత ముఖ్యమైన సంగతిగా ఈ సమాజాలు భావించాయి.

తల్లి అనే మాటకు తమిళ కావ్యభాషలో తళ్ళై, మలయాళంలో తళ్ళ అనే చుట్టాలున్నాయి. ఇక్కడ జాగ్రత్త అవసరం. నేటి మలయాళంలో ఎవరి తల్లినైనా తళ్ళ అంటే అది అగౌరవం, దాదాపు తిట్టు. అదే మాట తెలుగులో కూతురిని ఒళ్ళోకి తీసుకునే పిలుపు. ఒకే మూలం నుంచి వచ్చిన మాట ఒకచోట అవమానంగా, ఒకచోట గారాబంగా మారిందంటే ఆప్యాయత శబ్దంలోనూ వ్యుత్పత్తిలోనూ లేదని ఇంతకంటే రుజువు అక్కరలేదు.

కూతురిని తల్లీ, అమ్మా అని, కొడుకును నాన్నా, నాయనా, అయ్యా అని పిలవడం మనకు ఎంత సహజమంటే అందులో వింత ఉందని తోచదు. బిడ్డను తల్లి పేరుతో పిలవడం! అరబ్బీ కుటుంబాల్లో కూడా ఇలాంటి తలకిందుల పిలుపు ఉంది, అయితే లెక్క వేరు. అక్కడ తల్లి తన కొడుకునైనా కూతురినైనా మామా అంటుంది, తండ్రి ఇద్దరినీ బాబా అంటాడు. పిలిచేవారు తమ పేరునే బిడ్డకు ఇస్తారు. మన దగ్గర పిలుపును నిర్ణయించేది బిడ్డ ఆడా మగా అన్నది. అందుకే తల్లి సైతం కూతురిని అమ్మా అంటుంది, కొడుకును నాన్నా అంటుంది. మనుమరాలికి నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో పెట్టే ఆచారం, పోయినవారే ఇంటికి తిరిగి వచ్చారనుకునే నమ్మకం ఈ పిలుపుకు తోడుగా ఉన్నాయి. తన తల్లి పేరు పెట్టుకున్న కూతురిని ఒక తండ్రి అమ్మా అని పిలిచినప్పుడు అందులో అలంకారమేమీ లేదు.

ఇదే మాట తెలుగులో ఇంకొంచెం ముందుకు వెళ్ళి క్రియకు అతుక్కుంది. రామ్మా, చెప్పమ్మా, కూర్చోమ్మా. తమిళంలో వామ్మా, సొల్లుమ్మా. కన్నడంలో బారమ్మ, హేళమ్మ. ఆటో నడిపే పెద్దాయన తనకంటే సగం వయసున్న అమ్మాయితో ఈ మూడింట్లో ఏ భాషలో మాట్లాడినా వాక్యం చివర అమ్మ ఉంటుంది. అక్కడ అది బంధుత్వం కాదు, మర్యాదా కాదు, ఆ రెంటికీ మధ్య ఉండే చనువు. దీన్ని ఇంగ్లీషులోకి తేవడం నాకు ఎప్పుడూ సాధ్యపడలేదు.

ఊరిని కాచే దేవతకూ ఇదే పేరు. మెజెస్టిక్ దగ్గరి అణ్ణమ్మ బెంగళూరు గ్రామదేవత; మారెమ్మ, ఎల్లమ్మ, గంగమ్మ మన ఊళ్లలోనూ ఇక్కడి పాత పేటల్లోనూ ఉన్నారు. భయపెట్టే వ్యాధిని కూడా తల్లి పేరుతోనే పిలిచాం. మశూచి సోకితే తెలుగువారు అమ్మవారు పోసింది అన్నారు, తమిళులు అమ్మై అన్నారు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమ్మీద లేదని ప్రకటించాక కూడా ఆటలమ్మకు ఆ పిలుపు కొనసాగుతోంది. తల్లికి కోపం కూడా ఉంటుందని ఒప్పుకునే ధైర్యం ఈ మాటలో ఉంది. తల్లిని ఎప్పుడూ చిరునవ్వుతోనే చూపే నేటి శుభాకాంక్షల కార్డులకంటే అది నాకు నిజాయితీగా కనిపిస్తుంది.

తల్లి ప్రేమకు ఆయా భాషలు పెట్టుకున్న పేర్లు మరో దారి పట్టాయి. సంస్కృత వాత్సల్యం వత్స నుంచి, అంటే దూడ నుంచి వచ్చింది. దూడను నాకే ఆవు అందులో ఉంది. మమకారంలోని మమ మాత్రం పసిబిడ్డల మమ కాదు, 'నాది' అనే అర్థమున్న సంస్కృత సర్వనామం. దేశి మాటలు శరీరం లోపలికి వెళ్ళాయి. మనకు కడుపుతీపి, పేగుబంధం. కన్నడిగులు హెత్త కరుళు అంటారు, అంటే కన్న పేగు. తమిళ తల్లి దుఃఖంలో పెత్త వయిరు, కన్న కడుపు, రగులుతోందంటుంది. ఎంతో దూరంగా ఉన్న సెమిటిక్ భాషల్లో గర్భాశయాన్ని అరబ్బీలో రహిమ్ అనీ, హీబ్రూలో రెహెమ్ అనీ అంటారు. కరుణకు ఆ భాషల్లో ఉన్న మాటలు రహ్మ, రహమీమ్ ఆ ధాతువు నుంచే ఏర్పడ్డాయి. ద్రావిడ భాషలకూ సెమిటిక్ భాషలకూ ఏ చుట్టరికమూ రుజువు కాలేదు. శబ్దాలు వేరు, కానీ ప్రేమ గుండెలో కంటే కడుపులో ఉంటుందన్న ఊహ ఒక్కటే. భాషల మధ్య నిజమైన పోలిక వెతకదలచినవారు మకారాన్ని వదిలి ఇటువైపు చూడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు మమ్మీ సంగతి. బెంగళూరు తెలుగు ఇళ్లలో పిల్లలు మమ్మీ అంటుంటే అమ్మ అనే మాటే పోతుందని బాధపడే పెద్దలున్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. అయితే తల్లిని పిలిచే మాటను అరువు తెచ్చుకున్న జాతులు ముందునుంచీ ఉన్నాయి. ఫిన్నిష్ వారు తల్లిని ఐతి అంటారు. ఆ మాట పూర్వం జర్మానిక్ భాషల నుంచి వచ్చి చేరింది. వారి సొంత మాట ఎమో జంతువుల తల్లికి పరిమితమైంది. పైగా మమ్మీ, అమ్మ ఒకే పసిపలుకు నుంచి ఎదిగినవి. ఒకటి పోయినా పసిబిడ్డ నోట మళ్ళీ మకారం పుడుతూనే ఉంటుంది.

నాకు బెంగ కలిగించేది వేరే మాట. పెద్దమ్మ, దొడ్డమ్మ, పిన్నమ్మ, చిన్నమ్మ పసిబిడ్డ నోట తమంతట తాము పుట్టవు. ఎవరో ఒకరు నేర్పాలి. తల్లి అక్కచెల్లెళ్లూ, తండ్రి అన్నదమ్ముల భార్యలూ మన వరసలో తల్లులే. మేనమామ భార్యా, తండ్రి అక్కచెల్లెళ్లూ అత్తలు. పెద్దమ్మ బిడ్డలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ, అత్త బిడ్డలు బావామరదళ్లు. అమెరికన్ పరిశోధకుడు లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రచురించిన బంధుత్వ పట్టికల్లో తమిళ, తెలుగు, కన్నడ వరసలను చేర్చి, అమెరికా ఆదివాసులైన ఇరక్వాల వరసలతో వాటి పోలికకు ఆశ్చర్యపోయాడు. కన్నడంలో దొడ్డమ్మ, చిక్కమ్మ, తమిళంలో పెరియమ్మ, చిత్తి ఇదే ఏర్పాటు. ఒక బిడ్డకు ఒకరికంటే ఎక్కువమంది తల్లులుంటారనీ, కన్నతల్లి లేని రోజున ఒళ్ళోకి తీసుకోవలసింది ఎవరో ముందే తెలిసి ఉండాలనీ ఈ మాటలు చెబుతున్నాయి. ఇవాళ బెంగళూరులో పిన్నమ్మా ఆంటీయే, మేనత్తా ఆంటీయే, ఎదురింటి ఆవిడా ఆంటీయే. పిల్లలకు అమ్మ అనడం నేర్పవలసిన పని పెద్దగా లేదు. పండగకు ఇంటికి వచ్చిన మనిషిని చూపించి, ఈమె నీకు పిన్నమ్మ అవుతుంది, అంటే అమ్మ వరస అని చెప్పవలసిన పని ఉంది.